ఆవు వెనకాల బాపు

ఆ కోర్సు నేను కోరి తీసుకున్నది కాదు. ఎమ్మెస్సీ కంప్యూటర్స్ రెండో ఏడాదిలో ఇష్టమైన సబ్జెక్టు ఒకటి ఎంచుకోమన్నారు. ఉద్యోగాలన్నీ నెట్‌వర్క్స్‌లోనే ఉన్నాయని ఎవరో పుకారు లేపితే అందరూ దాని మీదే పడ్డారు. సరిగ్గా ఆ రోజే నేనెక్కిన ఎల్లారెడ్డి బస్సు లింగంపేట దాటాక పంక్చరైంది. కామారెడ్డిలో దిగి పరుగున క్యాంపస్‌కు చేరేసరికి నెట్‌వర్క్స్ కాగితం నిండిపోయింది. పక్కన ఇంకో కాగితం బోసిగా వేలాడుతోంది. "వర్చువల్ వరల్డ్స్" అన్న మాట కింద ఆరే పేర్లు. ఏడోది నేను రాశాను. రాసినంతసేపూ ఆ బస్సు టైరును తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆరో పేరు నా దోస్తుది. రోజూ రామారెడ్డి నుంచి వచ్చేది. బతుకు మీద దానికి ఎప్పుడూ ఫిర్యాదు ఉండదు.

"గిదేం సబ్జెక్టే?" అన్నాను.

"కంప్యూటర్ల ఇండ్లు కట్టుడంట, అండ్ల తిరుగుడంట. ఆటలాడితె మార్కులేస్తరంట. ఇంకేం గావాలె నీకు?"

నాకు ఒళ్లు మండింది. నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా అవ్వ ఊరికే అనదు. అవ్వ అంటే బాపు తల్లి, ఆ కోపం నాకు ఆమె నుంచే వచ్చింది. అమ్మ పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. బాపు దుబాయిలో తాపీ పని చేస్తాడు. వాళ్ల రెక్కల కష్టం మీద చదువుకుంటూ నేను బొమ్మలాట ఆడాలా అని ఆ సాయంత్రం తిరుగు బస్సులో ఎల్లారెడ్డి దాకా మొహం మాడ్చుకునే కూర్చున్నాను.

మొదటి క్లాసు తెలంగాణ ఉద్యమం బందుల వల్ల రెండు వారాలు ఆలస్యమైంది. ఆ రోజుల్లో బస్సులు నడిస్తే క్లాసు, నడవకపోతే లేదు. సార్ సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. పాఠం మొదలుపెట్టకుండా బల్ల అంచున కూర్చుని ఒక ప్రశ్న వేశాడు.

"మీరందరూ ఇప్పుడు ఎక్కడున్నారు?"

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "క్లాసుల ఉన్నం సార్" అన్నాడొకడు.

"అందరూనా?" అని సార్ మా బెంచీ వైపు చూశాడు. నా దోస్తు బల్ల కింద ఫోను పెట్టుకుని మెసేజి కొడుతోంది. "నువ్వు మాత్రం రామారెడ్డిలో ఉన్నావు కదమ్మా?"

అందరం నవ్వాం. దోస్తు కూడా నవ్వి ఫోను సంచిలో పెట్టింది. మనిషి ఉన్న చోటు వేరు, మనసున్న చోటు వేరు అయినప్పుడు ఏం జరుగుతుందో, లేని చోట ఉన్నట్టు మనిషికి ఎలా అనిపిస్తుందో, అదే ఈ కోర్సని సార్ చెప్పాడు. దీనికి యూనివర్సిటీ చదువు కావాలా అనుకున్నాను నేను. మా గల్లీలో ఇంటికొకరు దుబాయిలో ఉన్నారు. ఈ సంగతి బీడీలు చుట్టే ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది.

మరుసటి వారం ల్యాబులో మాకు తలా ఒక అవతార్ ఇచ్చారు. తెర మీద మన తరఫున తిరిగే బొమ్మ అన్నమాట. మాకు తెలిసిన అవతారాలు పది. పదకొండోది జీన్సు ప్యాంటుతో, భుజాలు కనబడే బనియనుతో వచ్చి నా ముందు నిలబడింది. నడవడం నేర్చుకోమని సార్ అంటే నేను ఆ గంటంతా చున్నీ కోసం వెతికాను. ఆ లోకంలో రెక్కలున్నాయి, కత్తులున్నాయి, తోకలు కూడా ఉన్నాయి కానీ చున్నీ లేదు. చివరికి ఒక ఎర్ర పలకను సన్నగా సాగదీసి భుజాల మీద అతికించాను. దాంతో నా బొమ్మ తలుపు మోసుకుని పోతున్నదానిలా తయారైంది.

"ఏందే, కొత్తింటికి దర్వాజ తీస్కపోతున్నవా?" అంది నా దోస్తు.

నడక సరిగ్గా రాక సముద్రంలోకి దిగిపోయాను. నీళ్లు నెత్తి మీదికొచ్చినా బొమ్మ మాత్రం కళ్లు ఆర్పుతూ నిలబడే ఉంది. ఇక్కడ ఎవరూ మునగరని సార్ వెనక నుంచి చెప్పాడు. చెప్పులు విడవడానికి కూడా ఆ లోకంలో వీలు లేదు. అవి కాళ్లతో పాటే పుట్టాయి. ఇండ్లలోకి ఇలాగే చెప్పులతో పోవాలా అని నేనడిగితే, సార్ కాసేపు ఆలోచించి, ఇంతవరకు ఎవరూ అడగలేదమ్మా అన్నాడు. ఆ మాటకు నేను కొంచెం మెత్తబడ్డాను.

మూడో వారం సార్ అసలు పని ఇచ్చాడు. నీకు బాగా తెలిసిన ఒక చోటు కట్టాలి. ఆ చోటును ఎన్నడూ చూడని మనిషిని ఒకరిని అందులోకి తీసుకురావాలి. ఆ మనిషి ఏమేం చేశాడో చూసి, ఉన్నది ఉన్నట్టు రాయాలి. మార్కులు కట్టినదానికి కాదు, చూసినదానికి.

నా దోస్తు ఈత కొలను ఉన్న బంగళా కట్టడం మొదలుపెట్టింది. నీకు తెలిసిన చోటు కదా కట్టాల్సింది అంటే, "నాకు తెలుసు, నాకే తెలుసు" అంది. నాకు తెలిసిన చోటు గురించి పెద్దగా ఆలోచించే పని లేకపోయింది. ఎల్లారెడ్డిలో మా కొత్త ఇల్లు అప్పుడే సున్నాల దాకా వచ్చింది. ఒక ఏడు పునాది, మరో ఏడు గోడలు, ఇంకో ఏడు స్లాబు. ఇంతకాలమూ మేం అదే గల్లీలో రెండు కిరాయి గదుల్లో ఉన్నాం. మరి ఆ ఇల్లు చూడనివాళ్లు ఎవరున్నారా అని ఆలోచిస్తే, గల్లీ మొత్తం చూసింది, చుట్టాలంతా చూశారు, పాలాయన కూడా లోపలికొచ్చి గోడలు తట్టి పోయాడు. చూడనివాడు ఇంటి యజమాని ఒక్కడే.

బాపు అంతకుముందు వచ్చి పోయి మూడేండ్లు దాటింది. అప్పుడు అక్కడ పిచ్చిచెట్లున్న జాగ మాత్రమే ఉంది. పునాది నుంచి స్లాబు దాకా అంతా ఫోనులోనే చెప్పి కట్టించాడు. ఊళ్లో మేస్త్రీకి అక్కడి నుంచే ఇసుక పాలు, సిమెంటు పాలు చెప్పేవాడు. ఫోటోలు పంపితే ఆయనకు సరిపోలేదు. "ఫోటోల గోడలు కనవడుతయి గాని ఇల్లు కనవడది బిడ్డా" అనేవాడు.

మాఘంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టారు. బాపు సెలవు అడిగితే ఎండాకాలం పోయాక చూద్దామన్నారట. ముహూర్తం వెనక్కి జరుపుదామంటే అవ్వ మోకాళ్లు ఒప్పుకోలేదు. "నడిచి పోత గని, నన్ను ఎత్తుకపోతె మాత్రం రాను" అని కూర్చుంది. నేను లేకున్నా చేసుకోండి అని బాపే చెప్పాడు. ఆ మాట చెప్పిన రోజు ఫోను తొందరగా పెట్టేశాడు. ఆ ఇంట్లోకి మాకంటే ముందు బాపును పంపాలని నాకు ఆ రోజే పట్టుదల పుట్టింది. సార్ ఇచ్చిన పని సాకుగా దొరికింది, అంతే.

ఆదివారం కొత్త ఇంటికి పోయి కొలతలు తీశాను. బాపు వదిలిపోయిన పాత టేపు ఉంది, తుప్పుపట్టి లాగితే గీపెడుతుంది. ఒక కొస అవ్వ చేతికిచ్చాను.

"గట్టిగ పట్టుకో అవ్వా, ఇల్లు కొలవాలె."

"కొలువు కొలువు. నాకైతె ఆరడుగుల జాగ సాలు" అంది అవ్వ. అన్నదే గానీ, తన మంచం తలుపు పక్కనే ఉండాలని, గల్లీలో పోయేవాళ్లంతా కనబడాలని అప్పటికప్పుడే హుకుం జారీ చేసింది.

ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎక్కడ పడుకుంటారో అందరినీ అడిగి రాసుకున్నాను. అమ్మకు ముందు గదిలో కిటికీ కింద, వెలుతురు చాట మీద పడేలా. తమ్ముడికి తన సైకిలు వరండాలో కాదు, లోపల. నాకు పుస్తకాల అర. దేవుని గూడు, నీళ్ల బిందెలు, పొయ్యి గద్దె, అవ్వ ఇత్తడి చెంబు కూడా వదల్లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ల్యాబులో మూడు వారాలు కట్టాను. గోడకొక డబ్బా, కిటికీకొక రంధ్రం. మేస్త్రీ బిడ్డను కాబట్టి గడప మరవలేదు, పసుపు పూసి బొట్లు కూడా పెట్టాను. కోర్సు మీద నా కోపం ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ల్యాబు మూసేస్తామని అటెండరు తాళాలు గలగలలాడిస్తుంటే ఇంకొక్క నిమిషం అని బతిమాలేదాన్ని.

బాపును ఒప్పించడం దానికంటే కష్టమైంది.

"కంప్యూటర్ల ఇల్లా? నాకు తాపీ పట్టుడు తప్ప ఏమొస్తది బిడ్డా?"

బాపు గదిలోనే పిట్లం నుంచి పోయిన అన్న ఒకాయన ఉండేవాడు. డిగ్రీ చదివి అక్కడ స్టోరులో పనిచేసేవాడు. ఫోను ఆయన తీసుకున్నాడు. "నేను చూసుకుంట చెల్లె. బాణం గుర్తులు నాలుగే గదా, మీ బాపుకు ఒక్కరోజుల నేర్పిస్త" అన్నాడు.

శుక్రవారం వాళ్లకు సెలవు. మాకు శుక్రవారం మధ్యాహ్నం ల్యాబు. అలా కుదిరింది. వాళ్లు నెట్ సెంటరుకు పోయి కూర్చుంటారు, నేను ల్యాబులో ఒక చేత్తో మౌసు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుంటాను. బాపు కోసం బొమ్మ కూడా నేనే తయారుచేశాను. ఇంట్లో ఉన్న ఫోటో చూసి నల్లని జుట్టు, నల్లని మీసం, తెల్లచొక్కా పెట్టాను.

ఆ శుక్రవారం మా ఇంటి ముందు ఆ బొమ్మ దిగగానే ఫోనులో బాపు గట్టిగా నవ్వాడు.

"ఎవడు బిడ్డా గీ పెండ్లికొడుకు? నా నెత్తి ఎప్పుడో తెల్లగైంది."

నేనూ నవ్వాను. వచ్చేసారి తెల్లగా చేస్తానన్నాను. ఆయన గోడెక్కి, చెట్టులో ఇరుక్కుని, కాసేపు వెనక్కి నడిచి, చివరికి గడప ముందుకొచ్చి ఆగాడు. ఒక నిమిషమైంది. కదలడం లేదు.

"బాపూ, పై బాణం ఒత్తు. లోపటికొస్తవు."

"ఎట్లొస్త? ఆవు పోలె గదా ఇంక."

నాకు అర్థం కాలేదు.

"ఆవు ముంగట పోవాలె బిడ్డా. ఎన్క మనం పోవాలె. కొత్త ఇల్లు గాదా?"

ఇది కంప్యూటరు కదా బాపూ, ఉత్త బొమ్మ కదా అని చెప్పి చూశాను. కోపం కూడా తెచ్చుకున్నాను. నేను మూడు వారాల నుంచి ఇందులోనే తిరుగుతున్నాను, నాకేమైందని అడిగాను.

"నువ్వు కట్టినదానివి. కట్టేటోళ్లు పోవచ్చు, తప్పు లేదు" అన్నాడు బాపు. తాపీ పనివాళ్ల న్యాయం అది. "ఇన్నేండ్ల సంది మంది ఇండ్లల్లకు ఆవుకంటె ముంగట నేనే పోయిన బిడ్డా. నా ఇంట్లకు మాత్రం ఆవు ఎన్కనే పోత."

ఆవు కోసం ల్యాబులో జాబితా అంతా వెతికాను. ఆ లోకంలో డేగలున్నాయి, గుర్రాలున్నాయి, నిప్పులు కక్కే జంతువు కూడా ఒకటుంది. ఆవు లేదు. నా దోస్తు తన ఈత కొలను వదిలేసి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం డబ్బాలతో ఆవును కట్టాం. నాలుగు కాళ్లు, ఒక పొట్ట, రెండు కొమ్ములు. అచ్చంగా బల్లలా వచ్చింది. నొసట బొట్టు పెడితేగానీ ఎటువైపు మొహమో తెలియలేదు. సార్ వచ్చి, ఎందుకని అడగకుండానే, అది దానంతటది నడిచేలా నాలుగు వరసల ప్రోగ్రాం రాసిచ్చాడు. అరగంట పట్టింది. బాపు అంతసేపూ గడప బయటే నిలబడ్డాడు.

ఆవు కదిలింది. తోక ముందు పెట్టి కదిలింది.

"మూతి ఇటు తిప్పుర్రి!" అని బాపు అరిచాడు. ఫోను నా చెవికి దూరంగా ఉన్నా ల్యాబంతా వినబడింది. మిగతా ఐదుగురూ లేచి మా వెనక చేరారు.

మూతి తిప్పాం. ఆవు నేరుగా గడప దాకా వచ్చి ఠక్కున ఆగిపోయింది. కాళ్లు ఆడుతున్నాయి కానీ ముందుకు పోదు.

"గడప అడ్డు పడుతోంది. గడప తీసేస్తే పోతుందమ్మా" అన్నాడు సార్.

"కడప తీసుడేంది? కడప లేని ఇల్లుంటదా?" అన్నాడు ఫోనులో బాపు. "ఆవులు గట్లనే చేస్తయి. జర బెల్లం చూపియ్యుర్రి."

నా దోస్తు నిజంగానే గోధుమరంగు డబ్బా ఒకటి చేసి గడప లోపల పెట్టింది. దాంతో ఏమీ కాదని మా ఇద్దరికీ తెలుసు. తర్వాత నేను మౌసుతో ఆవును జానెడు పైకి లేపాను. అది గాలిలో నడుచుకుంటూ గడప దాటి, ముందు గదిలోకి పోయి, గోడకు మూతి ఆనించి నిలబడింది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. బాపు బొమ్మ ఆవు వెనకాలే మెల్లగా లోపలికి పోయింది.

ఆయన ఒక్కో గదీ తిరిగాడు. స్నానాల గదిలో నీళ్లు ఎటు పోతాయని అడిగాడు. వంటింటి కిటికీ కొంచెం ఎత్తయిందన్నాడు, అమ్మకు పొగ కండ్లలోకి వస్తుందట. అవ్వ మంచం చూసి, చెంబు చూసి, "గిది కూడ పెట్టినవా" అన్నాడు. అమ్మ కూర్చునే చోట చాట ముందు చాలాసేపు ఆగాడు. తమ్ముడి సైకిలు చూసి నవ్వాడు. నా పుస్తకాల అర దగ్గర ఇంకా పెద్దది కావాలన్నాడు. నేను ఉబ్బితబ్బిబ్బవుతూ అన్నీ కాగితం మీద రాసుకుంటున్నాను.

మళ్లీ ముందు గదిలోకి వచ్చి ఆవు పక్కన నిలబడి అడిగాడు.

"మంచిగుంది బిడ్డా. అన్ని మంచిగున్నయి. మరి నేనెక్కడ పండాలె?"

నిష్ఠూరంగా అడగలేదు. సైకిలు గురించి అడిగినట్టే అడిగాడు. నేను ఇల్లంతా ఒకసారి చూశాను. అవ్వను అడిగాను, అమ్మను అడిగాను, తమ్ముణ్ని అడిగాను. చెంబుకు చోటు పెట్టాను. బాపు ఎక్కడ పడుకుంటాడని నేను ఎవరినీ అడగలేదు. నాకెవరూ చెప్పలేదు కూడా.

"ఇంక అయిపోలె బాపు. పెడుత" అన్నాను.

"అవునవును. ఇంక చానా టైముంది గదా" అన్నాడు బాపు.

ఫోను పెట్టేశాక బయటికి పోయి నల్లా దగ్గర మొహం కడుక్కున్నాను. ఎంత కడుక్కున్నా ఏడుపు ఆగలేదు. నా దోస్తు వచ్చి పక్కన నిలబడింది. ఒక్క ముక్క కూడా తమాషా చేయకుండా తన చున్నీ కొస నా చేతికిచ్చింది.

ఎల్లారెడ్డి బస్సులో కూర్చున్నాను గానీ, మనసంతా ఆ ఇంట్లోనే ఉంది. ఇంటికి పోగానే అమ్మనడిగాను.

"అమ్మా, బాపు మంచం ఏడుంది?"

అమ్మ బీడీ దారం కొరికి, "ఎందుకే ఇప్పుడు?" అంది. తర్వాత లేచి నన్ను వెనక రేకుల కిందికి తీసుకుపోయింది. అక్కడ ఉంది మంచం. దాని మీద తునికాకు కట్టల సంచులు, తంబాకు డబ్బా, విరిగిన కుర్చీ. నవారు సడలి మధ్యలో నేలకు దిగిపోయింది. నేను రోజూ దాని పక్క నుంచే నీళ్లకు పోయేదాన్ని. అది బాపు మంచమన్న సంగతే మరిచిపోయాను.

జరిగింది చెప్పాను. అమ్మ కొంగు నడుముకు దోపింది. సంచులు ఒక్కొక్కటే దించింది. ఇద్దరం నవారు విప్పి, ఉతికి, ఆరేసి, ఆదివారం మళ్లీ అల్లాం. ఒక కొస ఆమె లాగితే ఇంకో కొస నేను. అల్లుతూ అల్లుతూ తల ఎత్తకుండా అంది.

"గా కిటికి కింద ఎయ్యి. ఆయనకు గాలి లేకుంటె నిద్రవట్టది."

"గది నీ జాగ గదమ్మా. బీడీలెక్కడ చేస్తవ్?"

"నాదేమున్నది, ఎటన్న కూసుంట" అంది అమ్మ. నాకు తెలిసి, ఆ కిటికీ వెలుతురు కోసం అమ్మ మేస్త్రీతో నాలుగు రోజులు పోట్లాడింది.

గృహప్రవేశం ఆ బుధవారమే. పక్క గల్లీ నుంచి నిజమైన ఆవును తెచ్చారు. అది కూడా గడప దగ్గర ఆగింది. బెల్లం చూపిస్తే లోపలికి పోయింది. అవ్వ గోడ పట్టుకుని తన కాళ్లతో తాను నడిచింది. పీటల మీద మేనమామ, అత్తమ్మ కూర్చున్నారు. అమ్మ కొత్త చీర కట్టుకుని పాలు పొంగేదాకా పొయ్యి దగ్గరే ఉంది, పొంగగానే కొంగుతో కండ్లు తుడుచుకుని పొగ అంది. పాలు పొంగాక లోపలికి పోయిన మొదటి సామాను బాపు మంచం.

శుక్రవారం కల్లా కంప్యూటరులోనూ మంచం వేశాను. టేపుతో కొలిచి, అదే పొడవు, అదే ఎత్తు, కిటికీ కింద. అమ్మ చాటను అటువైపు గోడకు జరిపాను. బాపు జుట్టు తెల్లగా చేశాను. బొమ్మ దిగింది, ఈసారి ఎక్కడా ఇరుక్కోకుండా నేరుగా గడప దాటి వచ్చింది. మంచం చూసి ఆగింది.

"పండుడు వస్తదా బిడ్డా దీన్ల?"

"కూసునుడే వస్తది బాపు."

"ఫరవలేదు" అన్నాడు.

కూర్చున్నాడు. నేను పెన్ను పట్టుకుని ఏం చేస్తాడో రాద్దామని చూస్తున్నాను. ఐదు నిమిషాలైంది, పదైంది. వంటింట్లోకి పోలేదు. కిటికీలోంచి చూడలేదు. ఫోనులో మాట లేదు, ఊపిరి మాత్రం వినబడుతోంది. ఆయన వెనక నెట్ సెంటరులో ఎవరెవరో వాళ్ల వాళ్ల ఇండ్లతో మాట్లాడుకుంటున్నారు. సార్ మా వెనక నుంచి పోతూ నా తెర ముందు ఆగాడు. అప్పటికి అరగంట దాటినట్టుంది.

"మీ విజిటర్ ఏమీ చేయడం లేదేంటమ్మా? నెట్ పోయిందా?"

నాకూ అనుమానం వచ్చింది.

"బాపూ, లైన్ల ఉన్నవా? ఏం జేస్తున్నవ్?"

"ఏం జేస్తలేను బిడ్డా" అన్నాడు బాపు. "ఇంటికాడ ఉన్న."

నేను ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి సార్ వైపు తిరిగాను.

"పోలేదు సార్" అన్నాను. "ఉన్నడు."